డెబ్భై రెండు గ్రాముల రామనర్సయ్య

రామనర్సయ్య తన జీవితంలో ఎవరినీ "బాగున్నావా" అని అడిగిన పాపాన పోలేదు. ఎదురైన మనిషి గని మేనేజరు కానీ, గీదం బస్సులో పక్కసీటు పెద్దమనిషి కానీ, ఆయన అడిగేది ఒక్కటే.

"ఎన్ని గ్రాములు?"

కొత్తవాళ్ళు ఉలిక్కిపడి వేలి ఉంగరాలు తడుముకునేవారు. పాతవాళ్ళు తల వంచుకుని లెక్క చెప్పేవారు. ఆయన అడిగేది బంగారం సంగతి కాదు, ప్రోటీన్ సంగతి. పొద్దుట్నించి కడుపులోకి ఎంత పోయిందని. గుడ్డుకు ఆరు, గ్లాసెడు పాలకు ఆరు, కప్పు పప్పుకు ఆరు, గుప్పెడు వేయించిన శనగలకు ఏడు. బడి ముఖం చూడనివాళ్ళు కూడా ఆ రోజుల్లో కిరందుల్ గని క్వార్టర్లలో ఆరో ఎక్కం తడబడకుండా అప్పజెప్పేవారంటే అది ఆయన చలవే.

సోమమ్మకు మాత్రం ఆ ప్రశ్న వినబడితే చాలు, కిటికీ తలుపు మూసేసుకోవాలనిపించేది. ఏం లాభం, ఆవిడ ఉద్యోగమే ఆ కిటికీ. కొండ మీద ఇనుప గనిలో టైం ఆఫీసు, ఆ ఆఫీసులో హాజరు వేసే కిటికీ, దాని వెనక సోమమ్మ. భర్త కామెర్లతో పోతే ఆ ఉద్యోగం ఈవిడకిచ్చారు. షిఫ్టు బస్సు దిగిన ప్రతివాడూ ఆ కిటికీ ముందు నిలబడాల్సిందే. రామనర్సయ్య అందరికన్నా ముందు నిలబడేవాడు.

ఆయన ఖనిజం మోసే వంద టన్నుల డంపర్ నడిపేవాడు. ఒకప్పుడు నూట ముప్పై ఎనిమిది కిలోలుండేవాడు. ఆయన ఎక్కితే బండి బరువు నూట ఒక టన్ను అవుతుందని బస్సు డ్రైవరు అప్పయ్య లెక్క. షుగరు పెరిగి, మోకాళ్ళు అరిగి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే విశాఖపట్నం పోయి కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు పావుగంట సేపు జాగ్రత్తలు చెప్పాడట. ఈయన చెవిలో పడ్డవి రెండే ముక్కలు. రోజుకు డెబ్భై గ్రాముల ప్రోటీన్ తినాలి. నాలుగో నెలలో జుట్టు రాలుతుంది, తిండి సరిగ్గా తింటేనే తిరిగొస్తుంది.

ఆ రెండో ముక్క ఆయన గుండెలో బాణంలా దిగింది. ఎందుకంటే రామనర్సయ్యకు శరీరం మీద ఎన్నడూ మోజు లేదు కానీ క్రాఫు మీద ప్రాణం. హెల్మెట్ లోపల ఒక దువ్వెన, జేబులో ఒక దువ్వెన, డంపర్ అద్దం దగ్గర ఇంకొక దువ్వెన. "చెవుల దగ్గర కొంచెం పలచబడ్డయి దాదా" అన్న పాపానికి క్షౌరశాల వాడితో ఆరు నెలలు మాట్లాడలేదు. అలాంటి మనిషికి దసరా దాటగానే దిండు మీద గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడాయి. చలికాలం కదాని మంకీ క్యాప్ ఒకటి కొని తలకు తొడిగాడు. అదే ఆయన తల అయిపోయింది.

అప్పట్నించి మొదలైంది గ్రాముల గోల. టైం ఆఫీసు బయట ఒక నల్లబోర్డుండేది. నిన్న కొండ మీంచి ఎన్ని టన్నుల ఖనిజం దిగిందో దాని మీద రాసేవారు. దాని కింద రామనర్సయ్య సుద్దముక్కతో హిందీలో తన లెక్క రాసుకునేవాడు: 'రామనర్సయ్య, 72 గ్రాములు.' ఒకసారి పెద్దాఫీసు నుంచి వచ్చిన దొర ఒకాయన బోర్డు ముందు ఆగిపోయాడు.

"ఈ రామనర్సయ్య బ్లాకులో ఏం పడింది? బంగారమా? నాకెవరూ రిపోర్టు చెయ్యలేదే!"

మేనేజరు ఆ లెక్కను సొంత చేతిరుమాలుతో తుడిచాడు. మర్నాడు మళ్ళీ కనబడింది, ఈసారి డెబ్భై నాలుగు.

ఆదివారం సంతలో మంగి అనే ఆమె ఆకు దొప్పల్లో చాప్డా అమ్మేది, ఎర్రచీమల చట్నీ. ఈయన వెళ్ళి ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"దీంట్ల ఎన్ని గ్రాములుంటయి మంగీ?"

"చీమలను నేను పట్టిన. లెక్క నువ్వు పెట్టు" అంది మంగి.

నిజంగానే పెట్టబోయాడు. నూరిన తర్వాత చీమలను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదని తెలిసొచ్చాక "రెండు రాసుకుంట" అని లేచాడు.

పరామర్శకు పోయినా అదే తీరు. తోటి పనివాడు ఆయతు తండ్రి పోతే అందరూ గుమ్మంలోనే నిలబడిపోయారు. రామనర్సయ్య పోయి ఆయతు భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్దాయన దినాం ఎన్ని గ్రాములు తినేటోడు?" వెనక నిలబడ్డ సోమమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. కానీ ఆయతు ఏడుపాపి ఆలోచించాడు. "లెక్క తెల్వదు దాదా. ఉలవ జావ మాత్రం రోజు తాగేటోడు." "అదీ సంగతి! అందుకే తొంభై ఏండ్లు రాజు లెక్క బతికిండు." ఆయతు మొహంలో కాస్త వెలుగొచ్చింది. ఆ రోజంతా వచ్చినవాళ్ళందరికీ వాళ్ళ నాన్న ఉలవ జావ సంగతే చెప్పుకున్నాడు.

డాక్టరు ఐరన్ బిళ్ళలు కూడా రాశాడని తెలిసిన రోజున ఆయన బస్సులో చేసిన గొడవ ఇంతా అంతా కాదు. "ఇరవై ఏండ్ల సంది ఈ ఇనుప కొండ మీద పనిజేస్తున్న. బట్టలల్ల ఇనుము, చెవులల్ల ఇనుము, అన్నంల ఇనుము. ఒంట్ల మాత్రం లేదంట! మరి యాడికి పోయిందయ్యా గదంత?" బస్సంతా విరగబడి నవ్వింది. సోమమ్మ నవ్వలేదు. ఆవిడ చేతిసంచిలోనూ అవే బిళ్ళలున్నాయి.

అదీ అసలు గుట్టు. ఆ చలికాలంలోనే సోమమ్మ కూడా అదే ఆపరేషన్ చేయించుకొచ్చింది. నూట పది కిలోల మనిషి, ముప్పై ఎనిమిదేళ్ళకే షిఫ్టు బస్సు మెట్టు రెండు చేతులూ పట్టుకుని ఎక్కేది. పంచదార జబ్బు కళ్ళకు పాకుతుందని డాక్టరు భయపెడితే ఒప్పుకుంది. కానీ ఊళ్ళో చెప్పడానికి నోరు రాలేదు. మొగుడు పోయిన ఆడది సన్నబడటానికి కడుపు కోయించుకుందంటే ఈ క్వార్టర్ల నోళ్ళు ఊరుకుంటాయా? అందుకని గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని చెప్పింది. అందరూ నమ్మారు. "పదకొండు రాళ్ళటగా పాపం!" అని జాలి కూడా పడ్డారు. ఆ పదకొండు లెక్క ఎవరు పుట్టించారో ఆవిడకు తెలియదు. అబద్ధానికి అంకె తోడైతే బలమే కదాని ఊరుకుంది.

సోమమ్మకు జడ ఉండేది. పిడికిలికి అందనంత లావు, నడుము దాటిన పొడవు. ఒళ్ళు చూసి నవ్వబోయినవాళ్ళు వెనక జడ చూసి నోరు మూసుకునేవారు. భర్త బతికున్నప్పుడు ఆదివారం ఆదివారం ఆయనే కుంకుడురసం పోసేవాడు. ఆయన పోయాక తనదంటూ ఆవిడ మురిపెంగా చూసుకున్నది ఆ జడ ఒక్కటే.

ఏప్రిల్లో అది రాలడం మొదలైంది. దువ్వితే దువ్వెన నిండా, రుద్దితే తూము నిండా. హాజరు పుస్తకం ఏ పేజీ తిప్పినా రెండు వెంట్రుకలు. నెల తిరిగేసరికి జడ చిటికెనవేలంత అయింది.

మనవాళ్ళకొక జబ్బుంది. ఏ కష్టమొచ్చినా ముందు అన్నం మీద పగ పడతాం. సోమమ్మ డాక్టరిచ్చిన కాగితం పెట్టె అడుగున దాచి, దంతేశ్వరి తల్లికి మొక్కుకుంది. జుట్టు నిలిచేదాకా గుడ్డూ నీసూ ముట్టను, సోమ గురు శని వారాలు ఒక్కపొద్దుంటాను అని. కడుపే గుప్పెడంత మిగిలింది, ఆ గుప్పెడుకు కూడా వారంలో మూడు రోజులు తాళం వేసింది. జుట్టుకు కావలసింది ఏదో దాన్నే జుట్టు కోసం మానేసింది. తల్లి ఏం చేస్తుంది పాపం! జుట్టు ఇంకా రాలింది. సోమమ్మ ఇంకా గట్టిగా ఉపవాసాలు చేసింది.

మే నెల మొదటి శనివారం. పొద్దుటి షిఫ్టు బస్సులోంచి రామనర్సయ్య చంకలో పెద్ద స్టీలు డబ్బాతో దిగాడు. మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. టైం ఆఫీసు ముందు అందరినీ ఆపాడు.

"ఆగుండ్రి, ఆగుండ్రి. డ్యూటీ ఎక్కకముందే అందరికి ఒక్క ముచ్చట జెప్పాలె" అని మంకీ క్యాప్ అంచు మీద చెయ్యి వేశాడు.

సరిగ్గా అప్పుడే కిటికీ వెనక హాజరు పుస్తకం అందుకోబోయిన సోమమ్మ కళ్ళు బైర్లు కమ్మి కుర్చీతో సహా పడిపోయింది. అప్పయ్య, రామనర్సయ్య పరిగెత్తి లేపారు. మొహం మీద నీళ్ళు కొట్టి, పంచదార నీళ్ళు తాగించారు. ఆవిడ తేరుకునేసరికి కొంగు జారి, నెత్తిన అక్కడక్కడా తెల్లగా మాడు కనబడుతోంది. రామనర్సయ్య గబుక్కున ఆ కొంగు లాగి తల మీద కప్పాడు. లేచి నిలబడి తన టోపీ చెవుల కిందికి లాక్కున్నాడు.

"ఏటి రామనర్సయ్యన్నా, ఏదో సెప్తానన్నావు?" అన్నాడు అప్పయ్య.

"ఏం లేదు. సున్నుండలు. ఒక్కోటి నాలుగు గ్రాములు. తినుండ్రి."

"ఏం సందర్భమనీ?"

"ఆకలి" అన్నాడు రామనర్సయ్య.

సోమవారం పొద్దున కిటికీ ముందు ఆయన తచ్చాడుతుంటే సోమమ్మ హాజరు పుస్తకంలో తల దూర్చేసింది. ఎన్ని గ్రాములని అడుగుతాడు కాబోలనుకుంది. ఆయన అడగలేదు.

"చెల్లె, నాకొక కష్టమొచ్చింది."

"ఏందన్నా?"

"తిన్నదంత వట్టిగనే పోతున్నది. నెత్తి మీద ఒక్కటి మొలువలే. ఇగ లాభం లేదని సామికి మొక్కుకున్న. నేను తినేముందు ఒక ఆడబిడ్డకు పెట్టాలె. ఆమె తిన్నంకనే నేను నోట్ల పెట్టుకోవాలె. గట్లయితేనే జుట్టొస్తదంట."

"బుల్లమ్మ వదినకు పెట్టరాదె?"

"పెండ్లాం ఆడబిడ్డ ఎట్లయితది చెల్లె, పాపం తగుల్తది!"

"కాంటీన్ల మస్తుమంది ఆడోళ్ళున్నరు గదా."

"ఉన్నరు. ఒకామెది ఛత్తీస్‌గఢీ, ఒకామెది ఒడియా, ఒకామెది గోండి. మా సామికి తెలుగు తప్ప వేరే రాదు. ఈ కొండ మీద తెలుగు ఆడబిడ్డవు నువ్వొక్కదానివే."

సోమమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇయ్యాల సోమవారమన్నా. నాకు ఒక్కపొద్దు."

"సరే. అయితే నాకు గూడ ఒక్కపొద్దే" అని డబ్బా మూత పెట్టి వెళ్ళిపోయాడు.

మంగళవారం డబ్బాలో రెండు ఉడకబెట్టిన గుడ్లున్నాయి. "గుడ్డు ముట్టనన్నా, నాకు మొక్కుంది" అంది. మళ్ళీ మూత పడింది. బుధవారం ఆయన గోడ పట్టుకుని నడుస్తూ కిటికీ దాటిపోయాడు. వెనకే అప్పయ్య ఊడిపడ్డాడు.

"ఏటమ్మా సోమమ్మా! ఆ మనిషి రెండ్రోజులై మెతుకు ముట్టనేదంట. నడిపేది సైకిలేటి? వంద టన్నుల బండి! కళ్ళు తిరిగి లోయలోకి ఎల్లిపోతే ఆ పాపం ఎవలికమ్మా?"

సోమమ్మకు ఏడుపొచ్చింది. తన మొక్కు తన జుట్టు కోసం. ఆయనది ప్రాణం మీదికొచ్చింది. ఒకరి ప్రాణం కోసం తింటే తల్లి ఏమీ అనుకోదులే, ఆవిడా ఆడదే కదా అని సమాధానపడింది. బయటికి పరిగెత్తి డంపర్ మెట్ల దగ్గర ఆయన్ని ఆపింది. కళ్ళు మూసుకుని దంతేశ్వరికి దణ్ణం పెట్టుకుని, ఆయన డబ్బాలోని గుడ్డు తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలి నమిలి పావుగంటకు పూర్తిచేసింది. ఆయన పక్కన నిలబడి ఒక్కొక్క ముక్కనూ కళ్ళతో లోపలికి దించాడు.

"ఎన్ని గ్రాములు చెల్లె?"

"ఆరు" అంది సోమమ్మ చిన్నగా.

అలా మొదలైంది. పదింటికి గుడ్డు, ఒంటిగంటకు పప్పు, మూడింటికి పన్నీరు ముక్కలో ఉలవ గుగ్గిళ్ళో. సాయంత్రం ఇంటికి ఇంకో డబ్బా. "సామి పొద్దుగూకినంక గూడ చూస్తడు చెల్లె." ఒక్కపొద్దు రోజుల్లో కూడా వదిలేవాడు కాదు. "ఒక్కపొద్దంటే ఒక్కపూట బువ్వ. గుడ్డు బువ్వనా? శనగలు బువ్వనా? నువ్వు బువ్వ ఒక్కపూటనే తిను, ఎవలొద్దన్నరు?" అని వాదించేవాడు. ఆయన ప్లీడరు కాకుండా డంపర్ ఎక్కడం వల్ల కోర్టులు బతికిపోయాయి.

మే నెల ఎండలో ఆ మంకీ క్యాప్ చూసి కొండంతా నవ్వింది. "ఏటి రామనర్సయ్యన్నా, లోపల గుడ్లు పొదుగుతున్నావేటి?" అని అప్పయ్య. 'బోడి దాదా' అని కుర్ర ఆపరేటర్లు. పలచబడ్డాయన్నందుకే ఆరు నెలలు మాటలు మానేసిన మనిషి ఇప్పుడు అందరితో కలిసి తనే పెద్దగా నవ్వేవాడు. బస్సులో ఆయన తల ఒక్కటే వేడుక. సోమమ్మ చిటికెనవేలి జడ వైపు ఎవరూ చూసేవారు కాదు. కొంగు కప్పుకుని మూల సీట్లో కూర్చుని ఆవిడ మాత్రం లోపల లోపల కుమిలిపోయేది, తన మూలంగానే కదా అన్నకు జుట్టు రావడం లేదని.

"అన్నా, కొంచమన్న వచ్చినయా?"

"యాడ చెల్లె! అద్దం లెక్క ఉన్నది. నిన్న నువ్వు పన్నీరు సగం ఇడిసిపెట్టినవ్. గట్లయితే ఎట్లొస్తయి?"

ఆ రోజునుంచి సోమమ్మ పన్నీరు చివరి ముక్క దాకా తినేది. ఆయన నెత్తి మీద నాలుగు మొలకలు చూడాలన్న పట్టుదలతో డాక్టరు కాగితం పెట్టెలోంచి తీసి గోడకు అంటించింది. బిళ్ళలు మరవలేదు. అరవై గ్రాములు దాటిన రోజున కిటికీలోంచి తనే కేకేసి చెప్పేది. తన జుట్టు సంగతే మరిచిపోయింది.

ఆగస్టులో ఒక పొద్దున తల దువ్వుకుంటే దువ్వెనకు అయిదే అయిదు వెంట్రుకలు. అద్దం దగ్గరికి పోయి చూసుకుంది. నుదుటి మీద వరసగా చిన్న చిన్న వెంట్రుకలు, నారుమడిలో మొలకల్లా నిక్కి నిలబడ్డాయి. సోమమ్మ వాటిని వేలితో తాకి, మళ్ళీ తాకి, పసిపిల్లలా ఏడ్చింది. దంతేశ్వరికి దణ్ణం పెట్టింది. ఆ వెంటనే అన్న గుర్తొచ్చాడు. తినడమేమో అన్న కోసం, మొలవడమేమో తనకు! అన్నకు ఏ మొహం చూపించాలి? కొబ్బరినూనె బొట్లు బొట్లుగా పోసి ఆ మొలకలన్నిటినీ నెత్తికి అతికేసింది. నుదురు కనబడకుండా కొంగు కిందికి లాక్కుంది. ఆ నెలంతా అలాగే ఉద్యోగానికి వెళ్ళింది.

రామనర్సయ్య రోజూ కిటికీలోంచి ఆ కొంగు వైపు ఓరగా చూసేవాడు. నిట్టూర్చి టోపీ సర్దుకుని వెళ్ళిపోయేవాడు.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ. ఆ ఒక్క రోజు గని పనివాళ్ళ ఇంటిల్లిపాదీ కొండ మీదికొచ్చేవారు. యంత్రాలన్నీ కడిగి, బంతిపూల దండలు వేసి, కొబ్బరికాయలు కొట్టేవారు. వంద టన్నుల డంపర్ పసుపు బొట్లతో పెళ్ళికూతురులా ఉండేది. దాని చక్రం నీడలో సోమమ్మ నిలబడి ఉంటే, రామనర్సయ్య భార్య బుల్లమ్మ విసవిసా వచ్చింది. వచ్చీ రాగానే కొంగు కిందనుంచి కారుతున్న నూనె చూసి, ఆ కొంగు పక్కకు తోసి, తన చీరచెంగుతో సోమమ్మ నుదుటి మీద నూనె తుడిచేసింది. మొలకలు ఠక్కున లేచి నిలబడ్డాయి.

"ఇవేంది? ఇవి వెంట్రుకలు గావా?" అంది బుల్లమ్మ.

"వదినా, అన్నకు జెప్పకు. బాధపడ్తడు" అని సోమమ్మ చేతులు పట్టుకుంది.

"బాధనా? ఉండు నీ అన్న బాధ జూపెడ్త." డంపర్ వెనక దండ కడుతున్న మొగుణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆయన రెండు చేతులతో తల పట్టుకునేలోపు మంకీ క్యాప్ లాగేసింది.

లోపల్నుంచి జుట్టు దూకింది. నాలుగు నెలలుగా కత్తెర ఎరగని జుట్టు, నల్లగా, ఒత్తుగా, చెమటకు ఉంగరాలు తిరిగి, చెవుల మీదా మెడ మీదా పడింది. రామనర్సయ్య దొరికిపోయిన దొంగలా నిలబడ్డాడు.

సోమమ్మ చెయ్యి చాచి ఒక ఉంగరం కొస పట్టుకుని చూసింది. "ఎప్పుడొచ్చినయన్నా?"

"గిప్పుడిప్పుడే చెల్లె..."

"గిప్పుడా?" అని బుల్లమ్మ విరుచుకుపడింది. "ఉగాది కాడ మొలిచినయి. మే నెల కల్ల దువ్వెనకు అందినయి. అందరికి టోపీ దీసి చూపెడ్తనని నాతోని రెండు కిలోల మినుములు ఇసిరిపిచ్చి సున్నుండలు జేపిచ్చిండు. తీరా పొద్దుగూకి వస్తే నెత్తి మీద టోపీ గట్లనే ఉన్నది. ఏందయ్యా అంటే, సోమమ్మ పడిపోయింది, ఆమె తిని, ఆమెకు జుట్టొచ్చేదాక నాకు జుట్టు లేదు అన్నడు! నెత్తంత చెమటకాయలు, ఆ టోపీ కంపు భరించలేక నేను వసారల పండుకుంటున్న. ఇగ నాతోని గాదు."

"మరి రెండ్రోజులు ఉపాసమున్నడు గదా!"

"ఏం ఉపాసం? హెల్మెట్ల నాలుగు గుడ్లు బెట్టుకొని డంపరెక్కి తిన్నడు. గోడ పట్టుకొని నడిసిండంటనే, ఆ నడక ఇంట్ల నాకు ముందే నడిసి చూపెట్టిండు."

సోమమ్మ ఆయన వైపు తిరిగింది. "సామి పేరు మీద అబద్ధం జెప్పినవా అన్నా?"

"ఏ సామి అని నువ్వడిగినవా, నేను జెప్పిన్నా?" అన్నాడు రామనర్సయ్య నేల చూస్తూ.

"నా సంగతి నీకెట్ల తెలిసింది?"

ఆయన గొంతు తగ్గించాడు. "ఆపరేషనయి నువ్వు మళ్ళ డ్యూటీల చేరినరోజే కాంటీన్ల ఇడ్లీ తిన్నంక నీళ్ళు దూరం జరిపినవ్. అరగంట దాక ముట్టలే. నాది గూడ గదే తీరు. కడుపు కోపిచ్చుకున్నోళ్ళది ఒకటే కులం చెల్లె, చూస్తె తెల్వదా?"

"ఎవలకన్న జెప్పినవా?"

"ఛ! గాల్‌బ్లాడరే అని నేను గూడ జెప్పిన. ఎన్ని రాళ్ళని అడిగిండ్రు. పదకొండని నేనే అన్న."

సోమమ్మకు ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. చిన్నప్పట్నించి అన్నదమ్ములు లేరని ఒక కొరత ఉండేది ఆవిడకు. ఆ డంపర్ చక్రం నీడలో అది తీరిపోయింది. ఇంతలో ప్రసాదం పళ్ళెంతో అటు వచ్చిన అప్పయ్య ఆ జుట్టు చూసి పళ్ళెం వదిలేసినంత పనిచేశాడు.

"ఓలమ్మో! పొద్దున బస్సులో బోడిగుండే కదేటి! విశ్వకర్మ మహిమ!" అని కేక పెట్టాడు. ఆ తర్వాత రెండేళ్ళు డంపర్ చక్రానికి తల ఆనించి దణ్ణం పెట్టుకున్న బట్టతలలు ఎన్నో చెప్పలేం. ముగ్గురూ ఆ గుట్టు ఎవరికీ విప్పలేదు.

మూడేళ్ళకు రామనర్సయ్య రిటైరయ్యాడు. సామానంతా ముందే పంపించి, బుల్లమ్మతో కలిసి కోంట దగ్గర సొంతూరికి బయల్దేరాడు. గీదం, సుక్మా మీదుగా పోయే బస్సు. కిరందుల్ స్టాండులో గనివాళ్ళు సగంమంది ఉన్నారు. సోమమ్మ ఆలస్యంగా పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆ పరుగుకు వెనక జడ ఇటూ అటూ కొట్టుకుంటోంది, మునుపంత లావు కాదు కానీ జడంటే జడే. కిటికీలోంచి స్టీలు డబ్బా అందించి మూత తీసింది.

"తినన్నా."

"దారిల తింట చెల్లె. ఇప్పుడే..."

"ఇప్పుడే తినాలె. నాకు గూడ ఒక మొక్కుంది. అన్న ముందు తింటేనే నా జడ నిలుస్తది."

"ఏ సామికి?"

"నువ్వు జెప్పినవా, నేను జెప్పనీకి?"

బస్సు ఇంజను మొదలైంది. రామనర్సయ్య సున్నుండ తీసుకుని సగం కొరికాడు. నమలడానికి పావుగంట పట్టే మనిషి, అప్పుడు మరీ ఆలస్యమైంది. మింగి, అలవాటు ప్రకారం అడిగాడు.

"ఎన్ని గ్రాములు చెల్లె?"

"లెక్కపెట్టలేదన్నా" అంది సోమమ్మ.

బస్సు కదిలింది. ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి ఇంకేదో కేకేశాడు, ఇంజను మోతలో వినబడలేదు. గాలికి క్రాఫంతా చెదిరి మొహం మీద పడుతుంటే జేబులోంచి దువ్వెన తీశాడు. బస్సు మలుపు తిరిగేదాకా దువ్వుకుంటూనే ఉన్నాడు.